ముత్తాత పోయింది రంగూన్‌లోనా, మలయాలోనా? పుత్తూరు వైపు వాళ్ళు కాస్త చూడండి

పుత్తూరు_పిల్లోడు
మా ఇంట్లో ప్రతి దసరాకీ ఇదే రచ్చ. మా అవ్వ వాళ్ళ నాయన, అంటే నాకు ముత్తాత, పుత్తూరు దగ్గర పల్లె నుంచి 'రంగోను', అంటే బర్మాలోని రంగూన్, పోయాడు. 1937 చివర్లో అని లెక్క, అప్పటికి మా అవ్వ ఇంకా వాళ్ళమ్మ కడుపులోనే ఉంది. కొన్నేళ్ళు మనియార్డర్లు వచ్చాయి, యుద్ధంలో ఆగిపోయాయి. 1946లో పక్క ఊరాయన ఒకడు తిరిగొచ్చి, ఒక రేకు పెట్టె ఇచ్చి, "ఆయన లేడమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడట. ఎక్కడ పోయాడు, ఎట్లా పోయాడు అన్నది ఆయన చెప్పలేదో, చెప్పినా మా ముత్తవ్వ లోపలే పెట్టుకుందో తెలీదు. ఆమె మాత్రం చివరిదాకా బొట్టు తీయలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా పెద్దనాయన "నేతాజీ సైన్యంలో చనిపోయాడు, పెట్టెలో యుద్ధం కత్తి కూడా ఉంది" అంటాడు. మా చిన్నత్త "బర్మా నుంచి నడిచొస్తూ అడవిలో పోయాడు" అంటుంది. పెట్టెలో ఉన్నవి ఆ కత్తి, ఒక ఇత్తడి గ్లాసు, అరటిచెట్టు బొమ్మ ఉన్న ఒక నోటు. అంతే.

వంశవృక్షం తీసిస్తామన్న ఒక వెబ్‌సైట్ వాళ్ళకి డబ్బులు కట్టాను. 'రికార్డు లభ్యం కాలేదు' అని రెండు లైన్ల మెయిల్ పెట్టి చేతులు దులుపుకున్నారు. అసలు ఎక్కడ వెతకాలి?

నాణేల_పిచ్చోడు
అరటిచెట్టు నోటా? మిగతావి తర్వాత చూద్దాం, ముందు దాని మీద రూపాయలని ఉందా, డాలర్లని ఉందా చూడు. ఇంకోటి, చాలా నోట్ల మీద నంబరు ఉండదు, అక్షరాలు మాత్రమే ఉంటాయి. మొదటి అక్షరం ఏంటో చెప్పు.

పుత్తూరు_పిల్లోడు
టెన్ డాలర్స్ అని ఉంది. మొదటి అక్షరం ఎం.

నాణేల_పిచ్చోడు
అయితే రంగూన్ మాట మర్చిపో. అది జపాన్ వాళ్ళు మలయా (ఇప్పటి మలేషియా), సింగపూర్‌లను ఆక్రమించినప్పుడు అచ్చేసిన నోటు. మలయాకి ఎం, బర్మాకి బి. పైగా బర్మాకి వాళ్ళు వేసినవి రూపాయల్లో ఉంటాయి, డాలర్లలో కాదు. అక్కడి జనం దీన్ని అరటి నోటు అనే పిలిచేవాళ్ళు.

మామిడి_మండీ
అమ్మితే ఎంతొస్తుంది అన్నా?

నాణేల_పిచ్చోడు
బిర్యానీకి కూడా చాలదు. అడ్డూ అదుపూ లేకుండా అచ్చేశారు, 1945లో జపాన్ లొంగిపోయాక అన్నీ చిత్తు కాగితాలే. అమ్మొద్దు, మడత విప్పి ప్లాస్టిక్ కవర్లో పెట్టించు.

కొర్లగుంట_కుమారి
మా ఊళ్ళో కూడా సముద్రం దాటినోడల్లా రంగోను పోయినట్టే. మా తాత తమ్ముడు పోయింది సౌతాఫ్రికాలోని దర్బన్, ఆయన్ని కూడా రంగోను తాత అనే అనేవాళ్ళం. పాపం వాళ్ళ చిన్నత్తకి బర్మా కథ ఇట్లానే అంటుకుని ఉంటుంది.

రజూలా_పెట్టె
నోటు సంగతి వినగానే ఆగలేకపోయాను. మా తాత కూడా అటుపోయినవాడే, కాకపోతే తిరిగొచ్చాడు.

అప్పట్లో మలయా పోవడం అంటే ఎక్కువగా కంగాణీ పద్ధతి. రబ్బరు ఎస్టేట్లో పనిచేసే మేస్త్రీని దొరలు సొంత ఊరికి పంపేవాళ్ళు. వాడు మెడలో గొలుసుతో దిగి, తన చుట్టాల్నీ పక్కిళ్ళవాళ్ళనీ పోగుచేసి తీసుకెళ్ళేవాడు. తలకింత అని వాడికి ముట్టేది. మద్రాసు దగ్గర ఆవడిలో ఒక డిపో, నాగపట్నంలో ఇంకొకటి. అక్కడ డాక్టరు చూసి, టీకాలు వేసి ఓడ ఎక్కించేవాళ్ళు. మా తాత ఎక్కింది రజూలా అనే ఓడ, డెక్ మీదే పడక. పినాంగ్ చేరాక నేరుగా ఊళ్ళోకి వదల్లేదు, పక్కన జెరెజాక్ అనే దీవిలో క్వారంటైన్ పెట్టారు.

మీ ముత్తాత పోయింది 1937 చివర అంటున్నారు కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతుంది. 1938 జూన్‌లో మన ప్రభుత్వం కూలీలను ఇట్లా పంపడం ఆపేసింది. అక్కడ రబ్బరు ధర పడిందని కూలి కోశారు, దాని మీద గొడవ. ఆ తర్వాత పోవాలంటే సొంత ఖర్చు, అది అందరి వల్లా అయ్యేది కాదు.

ఏ ఎస్టేట్? ఏ ఊరు? ఇంట్లో ఎవరికైనా ఒక్క పేరు గుర్తున్నా సగం పని అయినట్టే.

కేరళ_రిటర్న్
ఆ కత్తి ఎట్లా ఉంటుందో చెప్పు తమ్ముడూ.

పుత్తూరు_పిల్లోడు
చెక్క పిడి. మొత్తం జానెడు కంటే కొంచెం ఎక్కువ. ఇనుప కడ్డీ నేరుగా పోయి, కొస దగ్గర వెనక్కి మడిచినట్టు ఉంటుంది, ఆ మడత లోపల పదును. పొడవడానికి పనికిరాదు, నరకడానికీ పనికిరాదు. పెద్దనాయన మాత్రం గూర్ఖా కత్తి అంటాడు. ఆయుధపూజ రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ గుచ్చుతాడు.

కేరళ_రిటర్న్
నేను ఐదారేళ్ళు కేరళలో రబ్బరు తోటల వైపు డ్రైవర్‌గా చేశాను. అది రబ్బరు గీసే కత్తి. తెల్లారకముందే లేచి, చెట్టు బెరడు మీద ఏటవాలుగా సన్నటి చెక్కు తీస్తారు, ఆ గాడి వెంట పాలు చిప్పలోకి కారతాయి. లోతుగా దిగితే చెట్టు పాడవుతుంది, అందుకే కొస అట్లా మడిచి ఉంటుంది. గూర్ఖావాళ్ళు చూస్తే నవ్వుతారు.

మామిడి_మండీ
ఇన్నేళ్ళుగా నిమ్మకాయలు తిన్న కత్తి 😂 పెద్దనాయనకి చెప్పేశావా?

పుత్తూరు_పిల్లోడు
ఇంకా ధైర్యం చాలలేదు.

కొర్లగుంట_కుమారి
చెప్పినా పూజ ఆపనక్కర్లేదు. ఆయుధపూజకి మనం కుట్టుమిషన్‌కీ, ఆటోకీ పెట్టడం లేదా? ఆయన చేత్తో పట్టుకుని బతికిన పనిముట్టు అది.

రిటైర్డ్_హవల్దార్
కత్తి రబ్బరుది అయినంత మాత్రాన పెద్దనాయన మాట అబద్ధం అయిపోదు, తొందరపడకండి. నేతాజీ 1943 జులైలో సింగపూర్ చేరాక సైన్యంలో చేరిన వేలమంది మామూలు జనమే. ఎస్టేట్ కూలీలు, గుమాస్తాలు, చాకళ్ళు. మద్రాసు వైపు వాళ్ళు చాలా ఎక్కువ. బ్రిటిష్ సైన్యం నుంచి పట్టుబడిన సిపాయిలే ఐఎన్ఏ (నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్) అనుకోవడం తప్పు.

వెతకాల్సిన చోట్లు చెప్తాను. ఐఎన్ఏకి సంబంధించిన 990 ఫైళ్ళు రక్షణ శాఖ 1997లో ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కి ఇచ్చింది. వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్లో కేటలాగు చూసుకోవచ్చు. ఒకవేళ ఆయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో గానీ పయనీర్ కోర్ అనే సైనిక కూలీల దళంలో గానీ చేరి పోయి ఉంటే, యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధులు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు ఉండాలి. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీదే 27 వేల దాకా పేర్లున్నాయి. చాలావాటికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటుంది. అదనపు సమాచారం అనే గడిలో చిత్తూరు అని కొట్టి వెతకండి. పేరుతో వెతికితే దొరకదు, స్పెల్లింగులు దారుణం. ఐఎన్ఏ వాళ్ళ పేర్లు మాత్రం అందులో ఉండవు.

రజూలా_పెట్టె
హవల్దార్ గారి మీద గౌరవంతోనే అంటున్నాను. ప్రతి ఇంటికీ ఒక నేతాజీ సైనికుడు కావాలి. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు కూలీ మాత్రం ఎవరికీ వద్దు.

1942లో జపాన్‌వాళ్ళు సయాం నుంచి బర్మాకి రైలు మార్గం మొదలుపెట్టారు. 415 కిలోమీటర్లు, అంతా అడవి, కొండలు. 1943 అక్టోబర్ 17న రెండు వైపుల పట్టాలూ కలిపారు. అరవై వేల పైచిలుకు యుద్ధఖైదీల చేత చేయించారని అందరికీ తెలుసు, దాని మీద సినిమాలు కూడా వచ్చాయి. కానీ వాళ్ళకి సుమారు మూడింతలు ఆసియా కూలీలే. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయా ఎస్టేట్ల నుంచి తీసుకెళ్ళిన మన తమిళులు, తెలుగువాళ్ళు. అందులో సుమారు 90 వేల మంది పోయారని అంచనా. ఖైదీల్లో పోయినవాళ్ళకి కాంచనబురిలో పేర్లతో సమాధులున్నాయి, దాదాపు ఏడు వేలు. మనవాళ్ళకి పేరు రాసిపెట్టుకున్నవాడే లేడు. మీకు 'రికార్డు లభ్యం కాలేదు' అని మెయిల్ వచ్చిందంటే నాకు ఆశ్చర్యంగా లేదు.

మూడు నెలల పని, రోజుకి ఒక డాలరు అని మొదట చెప్పారట. ఎవరూ రాకపోయేసరికి పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒక ఎస్టేట్లో ఊరికే సినిమా వేస్తున్నామని పిలిచి, జనం లోపలికి వచ్చాక తలుపులేసి అట్నుంచి అటే రైలెక్కించారని మా తాత చెప్పేవాడు. ఆయన్ని తీసుకెళ్ళింది మాత్రం పొద్దున మస్టర్ (హాజరు) దగ్గర్నుంచే, కట్టుబట్టలతో. అక్కడ బట్టలు చిరిగిపోతే గోనెసంచి చుట్టుకునేవాళ్ళు. 1943 వానల్లో కలరా తగులుకుంది. రాత్రి పక్కన పడుకున్నవాడు తెల్లారి లేచేవాడు కాదు, ఉన్నవాళ్ళే గుంట తవ్వేవాళ్ళు. మా తాత బతకడానికి కారణం కూడా ఆయనకి తెలీదు. తిరిగొచ్చాక ఇంట్లోకి కర్రపెండలం రానిచ్చేవాడు కాదు. జపాన్‌వాళ్ళున్న ఆ మూడున్నరేళ్ళు బియ్యం లేక అదే తిన్నారట.

రిటైర్డ్_హవల్దార్
కూలీల బాధ నేను కాదన్నానా? మీరు చెప్పిందాంట్లోనే నా మాట కూడా ఉంది. సయాం పంపేస్తారన్న భయంతోనే ఎంతోమంది ఐఎన్ఏలో పేరు రాయించుకున్నారు. అక్కడ తిండి, యూనిఫాం, మనిషిగా చూడటం ఉండేవి. భయంతో చేరినవాడు కూడా సైనికుడే.

రజూలా_పెట్టె
సరే. కానీ పెట్టెలో యూనిఫాం గుండీ కూడా లేదు, కత్తి ఉంది. రెండోది, సైన్యంలో చేరినవాడి సామాను పక్క ఊరివాడి దగ్గర ఎందుకుంటుంది? హఠాత్తుగా తీసుకెళ్ళబట్టే సామాను ఎస్టేట్ కూలీల లైన్ ఇంట్లో ఉండిపోయింది, ఎవడో దాచాడు.

రిటైర్డ్_హవల్దార్
సైన్యంలో చేరేవాడు రబ్బరు కత్తి పట్టుకుపోతాడా ఏంటి? దాచమని ఇచ్చే పోతాడు. మీ లాజిక్ రెండు వైపులా కోస్తుంది.

మామిడి_మండీ
కత్తి మడత లోపలే కదా పదును, అన్నాడుగా 😂

జేజి_కథలు
చిన్నత్త కథని మరీ తీసిపారేయకండి. ఈ కుటుంబానిది కాకపోవచ్చు గానీ బర్మా నుంచి నడిచి రావడం నిజంగా జరిగింది, మా జేజినాయన అట్లా వచ్చినవాడే. మాది మదనపల్లె వైపు. ఆయన రంగూన్ రేవులో బస్తాలు మోసేవాడు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డాయి. విమానాలు చూడటానికి జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారట, దాక్కోవాలని కూడా తెలీదు. మళ్ళీ క్రిస్మస్ రోజు వేశారు. ఓడ టికెట్టు డబ్బున్నవాళ్ళకే దొరికింది. మిగతావాళ్ళు నడక. మా జేజినాయన గుంపు ప్రోమ్ మీదుగా తాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడినుంచి పడవలో అక్యబ్, ఆ తర్వాత చిట్టగాంగ్. ఆలస్యంగా బయల్దేరినవాళ్ళు ఇంకా పైకి పోయి తము అనే ఊరి మీదుగా ఇంఫాల్ చేరారు, వాళ్ళకి ఇంకా కష్టం. మొత్తం నాలుగైదు లక్షల మంది వచ్చుంటారని పుస్తకాల్లో ఉంది, దారిలో ఎంతమంది పోయారన్నది ఎవడి లెక్క వాడిది.

కనుమలో నీళ్ళు అమ్మేవాళ్ళట. మా జేజినాయన నడుముకి కట్టుకున్న వెండి మొలతాడు ఒక్కో ముక్కా తెంపి నీళ్ళకి ఇచ్చాడు. మిగిలిన ముక్క, వేలెడంత ఉంటుంది, మా అన్న ఇంట్లో ఉంది. చిట్టగాంగ్‌లో రైలెక్కించి, మద్రాసు స్టేషన్లో సేవాసమితి వాళ్ళు అన్నం పెట్టి, ఊరికి టికెట్ తీసిచ్చారట. ఇంటికొచ్చేసరికి మా జేజి గుర్తుపట్టక బిచ్చగాడనుకుని చద్దన్నం తెచ్చింది. ఈ చివరిది మా ఇంట్లో చెప్పే కథ, కొంత ఉప్పూకారం కలిసుండొచ్చు.

తిరుత్తణి_మనవడు
అదే టైంలో మద్రాసు నుంచి ఇటు పరుగు. 1942 ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడల మీద బాంబులు పడ్డాయి కదా, ఇక మద్రాసు మీదేనని జనం సర్దుకుని బయల్దేరారు. తిరుపతిలో, చిత్తూరులో, మా వైపు పల్లెల్లో చుట్టం లేని ఇల్లు లేదు. ప్రభుత్వం మద్రాసు రికార్డాఫీసునే పలమనేరుకి తెచ్చి పెట్టింది.

కొర్లగుంట_కుమారి
రికార్డులన్నీ పలమనేరు దాకా వచ్చాయి, వీళ్ళ ముత్తాతది మాత్రం రాలేదు చూడండి.

లాడ్జి_మేనేజర్
ఇది వేరే లైను గానీ చెప్పాలనిపించింది. మాకు అలిపిరి దగ్గర లాడ్జి. ఫిజీ, సౌతాఫ్రికా, మారిషస్ నుంచి గుండు కొట్టించుకోడానికి వచ్చేవాళ్ళు దిగుతుంటారు. కొండ దిగాక చాలామంది అడిగేది ఒకటే, మా ఊరు ఎక్కడా అని.

ఒక ఫిజీ కుటుంబం వాళ్ళ ముత్తాత ఎమిగ్రేషన్ పాస్ కాపీ తెచ్చింది. మద్రాసు నుంచి ఫిజీకి కూలీ ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి, అప్పటిది. ఒక్క కాగితంలో ఎంత ఉందో తెలుసా. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు, ఓడ పేరు. జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా చంద్రగిరి. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా గీకాడు. ముగ్గురం కూర్చుని పైకి చదివి చదివి చివరికి ఏ ఊరో పట్టాం.

నేనే కారు మాట్లాడి తీసుకెళ్ళాను. వాళ్ళు పూలదండలు, స్వీట్లు పట్టుకుని ఏడుస్తూ దిగారు. ఊళ్ళోవాళ్ళు మంచినీళ్ళిచ్చారు, కుర్చీలేశారు, కానీ ఒక్కడూ 'అవును, మావాడే' అనడు. అరగంట తర్వాత ఒక ముసలాయన నన్ను పక్కకి పిలిచి, "భూమిలో భాగం అడగడానికి వచ్చారా నైనా?" అని అడిగాడు. కాదు, వాళ్ళకి అక్కడ చెరకు తోటలున్నాయి, ఊరు చూసి పోతారు అంతే అని ఒట్టేసి చెప్పాక, సాయంత్రానికి చుట్టరికాలన్నీ బయటకొచ్చాయి. పాస్‌లో రాసిన తండ్రి పేరే వాళ్ళలో ఒక పిల్లోడికి పెట్టి ఉంది.

లా_పాయింట్
@లాడ్జి_మేనేజర్ ఆ ముసలాయన భయం ఊరికే కాదు. @పుత్తూరు_పిల్లోడు, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీ ముత్తాత వాటా భూమి ఎవరి చేతిలో ఉంది?

పుత్తూరు_పిల్లోడు
ఆయన అన్న పిల్లల దగ్గర. మా అవ్వకి పెళ్ళప్పుడు రెండు ఆవులిచ్చారట.

లా_పాయింట్
అనుకున్నా. ఏడేళ్ళు జాడ లేకపోతే చనిపోయినట్టే అని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం ప్రకారం భర్త వాటాలో మీ ముత్తవ్వకి బతికున్నంత కాలం హక్కుండేది. ఆమె బొట్టు తీయలేదంటున్నారు, అంటే ఆయన పోయాడని ఎవరూ కాగితం మీద పెట్టలేదన్నమాట. అది ఎవరికి లాభించిందో మీరే ఆలోచించుకోండి. ఇప్పుడు కోర్టుకెళ్ళి లాభం లేదు, కాలదోషం పట్టి ఎన్నో దశాబ్దాలైంది. అటువైపు చుట్టాలు మీకు పాత కాగితాలు చూపించకపోతే మాత్రం ఇదే కారణం అనుకోండి.

రిటైర్డ్_హవల్దార్
పెన్షన్ ఆశ ఎవరికైనా ఉంటే అదీ చెప్పేస్తా. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ భార్యకి, పెళ్ళికాని కూతుళ్ళకి వస్తుంది. మనవళ్ళకి రాదు.

పుత్తూరు_పిల్లోడు
పెన్షన్ కోసం కాదు సార్. మా పెద్దనాయనకి ఆయన కూలీగా పోయాడంటే ఒప్పుకోబుద్ధి కాదు, అంతే.

నిన్న అవ్వని కూర్చోబెట్టి అడిగాను. ఎస్టేట్ పేరు తెలీదంది. కానీ మనియార్డర్ వచ్చినప్పుడు పోస్ట్‌మ్యాన్ ఒక ఊరి పేరు చదివేవాడంట, వాళ్ళమ్మ అది రోజూ జపంలాగా అనేదంట. 'తెల్కాన్సను'. ఇది ఏ ఊరైనా అవుతుందా?

రజూలా_పెట్టె
అవుతుంది! తెలుక్ ఆన్సన్. పేరాక్ రాష్ట్రంలో ఉంది, ఇప్పుడు తెలుక్ ఇంతాన్ అంటారు. దాని కింద బాగాన్ దాతో వైపు రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో తెలుగువాళ్ళు గుంపులుగా ఉండేవాళ్ళు, వాళ్ళ మనవలు ఇప్పటికీ ఉన్నారు. మలేషియా తెలుగు సంఘం ఉంది కదా, వాళ్ళకి రాయండి. ముత్తాత పేరు, ఇంటిపేరు, ఊరు, పెట్టె తెచ్చినాయన పేరు కూడా రాయండి. అసలు నన్నడిగితే ఆ పెట్టె తెచ్చినాయన మనవళ్ళని ముందు పట్టుకోవాలి. మలయా దాకా ఎందుకు, పక్క ఊరే కదా.

పుత్తూరు_పిల్లోడు
వాళ్ళు పుత్తూరు టౌన్‌కి వచ్చేశారు, కట్లు కట్టే చోట టీ కొట్టు ఉందని చెప్పారు. ఆదివారం పోతున్నా. పెద్దనాయన కూడా వస్తానన్నాడు, కత్తి సంగతి చెప్పేశాను. "అయితే ఏం, పగలు రబ్బరు గీసి రాత్రి డ్రిల్లు చేసుంటాడు" అన్నాడు.

రిటైర్డ్_హవల్దార్
మీ పెద్దనాయన నంబరు పంపండి, మాట్లాడాలి.

మామిడి_మండీ
అయిపోయింది, ఇద్దరూ కలిస్తే వచ్చే దసరాకి తుపాకీ కూడా దొరుకుతుంది.

జేజి_కథలు
తమ్ముడూ, తిథి తెలియక తద్దినం పెట్టడం లేదేమో, మీ అవ్వని అడుగు. అట్లాంటివాళ్ళకి మహాలయ అమావాస్య రోజు పెట్టొచ్చు. మా ఇంట్లో కనుమలో పోయిన చిన జేజినాయనకి ఆ రోజే పెడతాం.

సత్యవేడు_శీను
పైవన్నీ చదవలేదు. మా తాతవాళ్ళు సిలోన్ (శ్రీలంక) టీ తోటల నుంచి, అక్కడి మనవాళ్ళని వెనక్కి తెచ్చిన శాస్త్రి ఒప్పందం కింద వచ్చారు. ఇంట్లో ఒక ఫ్యామిలీ కార్డు ఉంది, ఫోటో సగం చెదలు తినేసింది. దాంతో ఏమైనా తెలుస్తుందా?

లా_పాయింట్
1964 ఒప్పందం కింద వచ్చినవాళ్ళయితే ఆ కార్డే మీకు ఆధారం. వీళ్ళ కోసం, బర్మా నుంచి వచ్చినవాళ్ళ కోసం పెట్టిన రెప్కో బ్యాంకులో మీ తాత షేరు తీసుకున్నాడేమో కూడా కనుక్కోండి. ముందు కార్డుని రెండు వైపులా స్కాన్ చేయించండి, ఒరిజినల్ ఏ ఏజెంటు చేతికీ ఇవ్వొద్దు. మిగతాది వేరే పోస్టు పెట్టి అడగండి, ఇక్కడ హవల్దార్ గారూ రజూలా గారూ ఇంకా తేల్చుకోలేదు.